బెర్నార్డ్ షా ఇంటికి వెళ్తుంటే, షార్లెట్‌ని కూడా వెతకండి

మీరు అడిగింది ఇదీ: వేసవిలో తెనాలి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నగారు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, నాటక రచయిత బెర్నార్డ్ షా అంటే ఆయనకి ప్రాణం. అయాట్ సెయింట్ లారెన్స్ అనే పల్లెటూళ్ళో ఉన్న షా ఇల్లు ఆయనకి చూపించాలని మీకు ఉంది. కానీ లండన్‌లోని ఈస్ట్ హామ్ నుంచి కారు లేకుండా వెళ్ళడమెలా, అమ్మగారి మోకాళ్ళ సంగతేంటి, షా ఎవరో కూడా తెలియని ఆవిడకి అక్కడ పొద్దుపోతుందా అని టెన్షన్. అందుకే దాన్ని మానేసి ముగ్గురూ హాయిగా ఏ విండ్సర్ కోటకో వెళ్ళొస్తే సరిపోతుందా అని అడిగారు.

మానకండి, వెళ్ళండి. నేను చాలా ఏళ్ళుగా ఆ ఊరున్న హార్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలోనే ఉంటున్నాను. మనవాళ్ళు ఎవరొచ్చినా, వాళ్ళకి పుస్తకాల మీద ఏ కాస్త ఇష్టమున్నా, ఆ ఇంటికి తీసుకెళ్తాను. షాని చదివినవాళ్ళు ఎలాగూ సంతోషపడతారు. చదవనివాళ్ళు కూడా బాగుందనే అన్నారు, కాకపోతే వాళ్ళకి ముందుగా షా భార్య షార్లెట్ కథ చెప్పి తీసుకెళ్ళాలి. మీ అమ్మగారి విషయంలో మీరు చేయాల్సిన పని అదే.

ముందు ఇంటి గురించి. రాజభవనాల్లాంటివి చూసొచ్చి ఇక్కడికి వస్తే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ఎర్ర ఇటుకల మేడ, చుట్టూ మూడున్నర ఎకరాల తోట, ఇనుప గేటు మీద ‘షాస్ కార్నర్’ అని పేరు. 1902లో ఊరి చర్చి ఫాదరు కోసం కట్టారు. షా దంపతులు 1906లో అద్దెకి దిగారు, 1920లో కొనుక్కున్నారు. అంతకాలం వాళ్ళకి లండన్‌లో కూడా ఒక మకాం ఉండేది. వారం మధ్యలో అక్కడ, వారాంతాలు ఇక్కడ. 1944లో షా ఈ ఇంటిని, పాత ఇళ్ళనీ చారిత్రక స్థలాలనీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చాడు. 1950 నవంబర్ 2న, 94వ ఏట ఇక్కడే పోయాడు. మరుసటి ఏడాది జనం చూడటానికి తెరిచారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకుని లోపలికి వెళ్ళాలి. ఈ ఇంటిని చూడటానికి జనం వస్తారని షాకి ముందే తెలుసు. ట్రస్ట్‌కి ఇచ్చాక లండన్ ఫ్లాట్ నుంచి కొన్ని సామాన్లు తెప్పించి గదులు తనే సర్దాడు. కాబట్టి మనం చూసేది ఆయన మనకి చూపించదలచుకున్న ఇల్లు. షార్లెట్ అప్పటికి లేదు, 1943 సెప్టెంబర్‌లోనే పోయింది. ముప్పై ఏడేళ్ళు ఈ ఇంటి యజమానురాలిగా ఉన్న మనిషి ఇప్పుడు గదుల్లో తేలిగ్గా కనపడదు. పనిగట్టుకుని వెతకాలి.

ఎవరీ షార్లెట్? షార్లెట్ పేన్-టౌన్షెండ్ ఐర్లండ్‌లో బాగా డబ్బున్న కుటుంబంలో 1857లో పుట్టింది. పెళ్ళే వద్దనుకుని తిరిగింది. ఫేబియన్ సొసైటీ అనే సోషలిస్టు సంఘం వాళ్ళతో పరిచయమై, అప్పుడే మొదలైన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి డబ్బిచ్చింది. అక్కడే షాతో స్నేహం కుదిరింది. షా చెప్తుంటే రాసిపెట్టేది. 1898లో షా కాలికి పుండు లేచి, ఎముక దాకా పాకి, కర్రల సాయంతో నడిచే స్థితికి వచ్చాడు. అతని ఇంటి అవతారం చూసి ఆవిడే పూనుకుని సేవ చేసింది. ఆ జూన్ 1న కర్రలతోనే రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి ఇద్దరికీ 41 ఏళ్ళు. పిల్లలు వద్దని, శారీరక సంబంధం కూడా వద్దని ఇద్దరూ అనుకునే కలిసి బతికారు. నలభై అయిదేళ్ళ కాపురం. మధ్యలో నటి మిసెస్ ప్యాట్రిక్ క్యాంప్‌బెల్ మీద షా మనసు పారేసుకున్నప్పుడు షార్లెట్ చాలా బాధపడింది. అయినా ఇల్లు విడిపోలేదు. ఈ మాత్రం చెబితే చాలు, అమ్మగారు మిగతాది ఆ ఇంట్లో తనే చూసుకుంటారు.

ఇక లోపల. హాల్లో అడుగుపెట్టగానే టోపీలు తగిలించిన స్టాండ్, పక్కన పియానో కనిపిస్తాయి. నాన్నగారు సరాసరి స్టడీ రూమ్‌లోకి వెళ్ళిపోబోతారు, కాసేపు ఆపండి. షార్లెట్ చివరి ఏళ్ళలో ఎముకల జబ్బుతో వంగిపోయి, పై గదిలోనే ఎక్కువగా ఉండేది. రాత్రిళ్ళు షా ఈ పియానో దగ్గర కూర్చుని పాటలు పాడేవాడు, ఆవిడ పైనుంచి వినేది. మెట్లు ఆ హాల్లోంచే వెళ్తాయి. పియానో దగ్గర నిలబడి ఒకసారి మెట్ల వైపు చూడండి. గొంతు పైదాకా ఎలా వెళ్ళేదో ఎవరూ చెప్పక్కర్లేదు.

స్టడీ రూమ్ నాన్నగారిది. బల్ల, టైప్‌రైటర్, డిక్షనరీలు, చీటీలు అంటించిన ఫైళ్ళ బీరువాలు, అన్నీ పని మధ్యలో లేచెళ్ళినట్టే ఉంటాయి. ఆ చీటీలు చదవమనండి. తాళంచెవులకీ, చిల్లర పనిముట్లకీ కూడా ఒక సొరుగు పెట్టి దానికీ చీటీ రాశాడు. నాటకాల్లో ఎన్ని తలకిందుల వాదనలు చేసినా, పని దగ్గర అంత క్రమం ఉన్న మనిషి. రాతప్రతులు ఎక్కువగా పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్‌లో రాసేవాడు, సెక్రటరీ బ్లాంచ్ ప్యాచ్ వాటిని టైప్ చేసేది. మన దగ్గర ఒక తరం కుర్రాళ్ళంతా టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకున్నవాళ్ళే కదా, నాన్నగారి వయసువాళ్ళకి ఇది ఎక్కడో తగులుతుంది.

డ్రాయింగ్ రూమ్ షార్లెట్ గది. ఆవిడ పోయాక షా అందులో పెద్దగా కూర్చోలేదు. అక్కడ ఫ్రెంచి శిల్పి రోడాన్ చేసిన షా తల శిల్పం ఉంటుంది. అందరూ దాన్ని చూసి ‘ఓ, షా!’ అని ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. దాన్ని చేయించింది షార్లెట్. 1906లో భర్తని పారిస్ పక్కనున్న మూదోంకి తీసుకెళ్ళి, డబ్బిచ్చి రోడాన్ ముందు కూర్చోబెట్టింది. ఆయన రోజుల తరబడి కూర్చుంటే ఆవిడా పక్కనే ఉంది. ఆ ఇంట్లో ఆవిడ ఇష్టాన్ని చూపించే వస్తువు ఏదంటే నేను దీన్నే చెప్తాను.

నోబెల్, ఆస్కార్ రెండూ వచ్చిన మొదటి మనిషి షా. 1925 సంవత్సరానికి సాహిత్యంలో నోబెల్, తర్వాత ‘పిగ్మాలియన్’ సినిమాకి రాసిన స్క్రీన్‌ప్లేకి 1938 సంవత్సరపు ఆస్కార్. ఆస్కార్ బొమ్మ ఈ ఇంట్లోనే ఉంటుంది, మనవాళ్ళు ఫోటో కోసం వరసకట్టేది దాని దగ్గరే. నోబెల్ డబ్బు ఆయన తన కోసం వాడుకోలేదు. స్వీడిష్ సాహిత్యాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చే పనికి ఇచ్చేశాడు.

తర్వాత భోజనాల గది. చాలాసేపు నిలబడాల్సిన చోటు ఇదే. షా 1881 నుంచి శాకాహారి. షార్లెట్ మాంసం తినేది. ఒకే బల్ల మీద రెండు రకాల వంట, ఇన్నేళ్ళూ. ఒకరి తిండి మీద ఒకరు పేచీ పెట్టుకోకుండా గడిపారు. ఈ మాట మీ అమ్మగారితో ఆ బల్ల ముందే చెప్పండి, ఆవిడ తప్పకుండా ఏదో ఒకటి అంటారు.

అదే గదిలో చలిమంట పొయ్యి మీది అరుగున ఫోటోలు వరసగా ఉంటాయి. నార్వే నాటక రచయిత ఇబ్సెన్, ఇంగ్లిష్ నాటక దర్శకుడు గ్రాన్‌విల్ బార్కర్, గాంధీ, లెనిన్, స్టాలిన్, ఇంకా సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థని మొదలుపెట్టిన జెర్జిన్‌స్కీ. గాంధీగారు అక్కడ కనబడగానే మనవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది. షా ఆయన్ని 1931లో లండన్‌లో, రౌండ్ టేబుల్ సమావేశాల రోజుల్లో కలిశాడు. కానీ ఆ పక్కనున్నవాళ్ళని కూడా చూడమనే చెప్తాను. అదే 1931లో షా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ని కలిసి మెచ్చుకుంటూ తిరిగొచ్చాడు, ఆ తర్వాత కూడా ఆ మెప్పుని వెనక్కి తీసుకోలేదు. అహింస అన్న మనిషినీ, లక్షలమందిని చంపించిన మనిషినీ ఒకే అరుగు మీద పెట్టుకోవడం నాకు మింగుడుపడదు. షా అంటే ఎంత గౌరవం ఉన్నా ఈ విషయంలో ఆయన్ని వెనకేసుకు రాలేను. మీ నాన్నగారు ఏమంటారో వినాలని ఉంది. ఇలాంటి వాదన ఆ గదిలోనే చేసుకోవాలి. ట్రస్ట్ ఆ ఫోటోలని తీసి దాచకుండా ఉంచడం మంచి పని.

షా ఆఖరి రోజులు గడిచింది కూడా ఈ గదిలోనే. 1950 సెప్టెంబర్‌లో తోటలో కొమ్మలు కత్తిరిస్తూ పడి తొడ ఎముక విరిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాక మెట్లు ఎక్కలేడని ఇక్కడే మంచం వేశారు.

అమ్మగారు పైకి ఎక్కలేకపోతే బెంగ పెట్టుకోకండి. పై అంతస్తులో షా పడకగది, చిన్న మంచం, ఆయన వేసుకున్న ఉన్ని సూట్లు ఉంటాయి, చూస్తే బాగుంటాయి. కానీ నేను ఇక్కడ చెప్పినవన్నీ కింద గదులే. మెట్ల దగ్గర వాలంటీర్లు కూర్చుని ఉంటారు. వాళ్ళలో చాలామంది రిటైరైన టీచర్లూ అలాంటివాళ్ళే. ‘మిసెస్ షా గురించి చెప్పండి’ అని ఒక్క మాట అడిగి చూడండి. రోజంతా షా గురించే చెప్పీ చెప్పీ ఉంటారు కాబట్టి ఈ ప్రశ్నకి మొహం విప్పారుతుంది. గదుల్లో తెరలు సగం దించి ఉంచుతారు, ఎండకి పుస్తకాలూ బట్టలూ వెలిసిపోకుండా. బయటి వెలుతురులోంచి వెళ్ళగానే గుడ్డిగా అనిపిస్తుంది, కళ్ళు అలవాటు పడేదాకా పెద్దవాళ్ళని ఒక నిమిషం గుమ్మం దగ్గరే నిలబెట్టండి.

షార్లెట్ గురించి ఇంకొక్కటి చెప్పాలి. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ అని అందరూ పిలిచే బ్రిటిష్ సైనికాధికారి, రచయిత టి.ఇ. లారెన్స్ ఈ ఇంటికి తరచూ వచ్చేవాడు. షార్లెట్‌కీ అతనికీ మధ్య ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి. భర్తతో కూడా చెప్పని మాటలు, తన చిన్నతనం గురించీ తల్లి గురించీ, పిల్లలు ఎందుకు వద్దనుకుందో కూడా, ఆ కుర్రాడికి రాసుకుంది. ఆవిడ పోయాక షా ఆ ఉత్తరాలు చదివి, అన్నేళ్ళు కలిసి బతికినా తనకి తెలియని భాగం ఆవిడలో చాలా ఉందని ఒప్పుకున్నాడు. అలాంటి మనిషి ఆ గదుల్లో మనకి తేలిగ్గా దొరక్కపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక తోట. తోట చివర చెట్ల చాటున చిన్న చెక్క గుడిసె ఉంది. షా రాసుకున్నది అక్కడే. అడుగున తిరిగే ఇరుసు అమర్చారు, ఎండ ఎటుంటే అటు గుడిసెని తోసి తిప్పుకోవచ్చు. లోపలికి తొంగి చూస్తే ఒక బల్ల, పేము కుర్చీ, టైప్‌రైటర్, టెలిఫోన్, గోడకి కరెంటు హీటర్. అంతే, ఇద్దరు మనుషులు పట్టేంత చోటు కూడా సరిగ్గా ఉండదు. దానికి ‘లండన్’ అని పేరు పెట్టారు. ఎవరైనా చెప్పాపెట్టకుండా వస్తే ఇంట్లోవాళ్ళు ‘ఆయన లండన్‌లో ఉన్నారు’ అనేవాళ్ళు, అబద్ధం ఆడినట్టూ కాదు.

గుడిసె నుంచి వెనక్కి వస్తూ సెయింట్ జోన్ (ఫ్రాన్స్ వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్) విగ్రహం దగ్గర ఆగండి. చెక్కింది క్లేర్ విన్‌స్టెన్. జోన్ మీద నాటకం రాయించాలని షార్లెట్‌కి కోరిక. షాని అడిగి ఒప్పించడం కష్టమని, జోన్ గురించిన పుస్తకాలు తెచ్చి ఇంట్లో అతని చేతికి అందేలా అక్కడక్కడా పెట్టేదని చెప్తారు. 1923లో షా ‘సెయింట్ జోన్’ రాశాడు. నోబెల్ వచ్చింది ఆ తర్వాతే. షా పోయేదాకా షార్లెట్ చితాభస్మాన్ని గోల్డర్స్ గ్రీన్ శ్మశానవాటికలో దాచి ఉంచారు. 1950 నవంబర్‌లో ఇద్దరి భస్మాన్నీ కలిపి ఈ తోట దారుల్లోనూ, ఈ విగ్రహం చుట్టూనూ చల్లారు. విడిగా సమాధి లేదు. అస్థికలు నీళ్ళలో కలిపే అలవాటున్న మనకి ఇది వెంటనే అర్థమవుతుంది. నాతో వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది అక్కడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నారు. అక్కడివాళ్ళెవరూ వింతగా చూడలేదు.

1949లో నెహ్రూ కూడా ఈ ఊరికి వచ్చి షాని కలిశారు. అది నాన్నగారికి చెప్పండి, ఫోటో దిగేటప్పుడు నిటారుగా నిలబడతారు.

ఇల్లు చూశాక వెంటనే టాక్సీ ఎక్కకండి. ఊళ్ళో రెండు చర్చిలు ఉన్నాయి. పాత చర్చి సగం కూలి, ఐవీ తీగలు అల్లుకుని ఉంటుంది. 18వ శతాబ్దంలో ఊరి జమీందారు సర్ లయొనెల్ లైడ్ తన మేడ నుంచి కనిపించే దృశ్యానికి అడ్డొస్తోందని దాన్ని పడగొట్టడం మొదలుపెట్టాడు, బిషప్ మధ్యలో ఆపించాడు. బదులుగా గ్రీకు గుడి మాదిరి స్తంభాలతో కొత్త చర్చి కట్టించాడు. దాని రెండు కొసల్లో రెండు మంటపాలు. ఒకదానిలో అతని సమాధి, రెండోదానిలో భార్యది. బతికుండగా మమ్మల్ని కలిపిన చర్చే చచ్చాక విడదీయాలని అతనే అలా ఏర్పాటు చేయించాడని ఊరివాళ్ళు చెప్తారు. చచ్చాక కూడా భార్యకి ఎడంగా పడుకున్న జమీందారు ఈ చివర, బూడిదగా కలిసిపోయిన షా దంపతులు ఆ చివర. నడిచేది కొద్ది నిమిషాలే.

ఆ ఊళ్ళో షా ఎందుకు స్థిరపడ్డాడో చెప్పే కథ కూడా ఒకటుంది. అక్కడ మేరీ ఆన్ సౌత్ అనే ఆవిడ సమాధి రాయి మీద 1825లో పుట్టి 1895లో పోయిందని, ‘ఆమె ఉన్నది కొద్దికాలమే’ అని చెక్కి ఉందట. డెబ్బయ్యేళ్ళని కొద్దికాలం అనే ఊరైతే తనకి సరిగ్గా సరిపోతుందని షా అనేవాడు. ఆయన లెక్క తప్పలేదు.

ప్రయాణం సంగతి. కారు లేకపోయినా కష్టమేమీ కాదు, కానీ ముందే ఏర్పాటు చేసుకోవాలి. కింగ్స్ క్రాస్ నుంచి వెల్విన్ గార్డెన్ సిటీకి రైలు, దాదాపు అరగంట. అక్కడి నుంచి టాక్సీలో ఐదారు మైళ్ళు. ఊరి బస్సులని నమ్ముకోవద్దు. తిరుగు టాక్సీ కూడా పొద్దున్నే అదే మనిషితో మాట్లాడేసుకోండి, ఎందుకంటే ఆ ఊళ్ళో నిలబడి టాక్సీ కోసం ఫోన్ చేసి తెప్పించుకోవడం పెద్దవాళ్ళతో అయ్యే పని కాదు. రోడ్లు చాలా సన్నం, రెండు పక్కలా ఎత్తు కంచెలు. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. స్టేషన్ నుంచి నడిచి వెళ్దామని మాత్రం అనుకోకండి.

ఏ రోజు తెరుస్తారన్నది ఏటా మారుతూ ఉంటుంది, చలికాలంలో ఇల్లు మూసేస్తారు. కాబట్టి టికెట్ కొనేముందు నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్ చూసి, అనుమానం ఉంటే ఫోన్ చేసి కనుక్కోండి. వేసవిలో ఆ ఇంటి పచ్చిక మీద షా నాటకాలు వేసిన సందర్భాలున్నాయి, ఈసారి ఉన్నాయేమో కనుక్కోండి, జులై 26న ఆయన పుట్టినరోజు కాబట్టి ఆ చుట్టుపక్కల తేదీలు ముందు చూడండి. మీవాళ్ళు ఉండే రోజుల్లో ఒక్క నాటకం కుదిరినా మిగతా ప్లానంతా దాని చుట్టూ మార్చుకోండి. లెక్చరర్‌గారికి అంతకంటే పెద్ద కానుక ఇవ్వలేరు. దుప్పటి, స్వెటర్ మాత్రం తప్పనిసరి, ఎండాకాలమైనా చీకటి పడేసరికి వణుకు పుడుతుంది.

తిండికి ఊళ్ళో బ్రాకెట్ ఆర్మ్స్ అనే పాత పబ్ ఉంది. నేనైతే పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తాను. అదే రోజు హాట్‌ఫీల్డ్ హౌస్ అనే పాత రాజప్రాసాదం కూడా చూసేద్దామని చాలామంది అనుకుంటారు, దగ్గరే కదా అని. వద్దు. అమ్మగారి మోకాళ్ళు సాయంత్రానికి మొరాయిస్తాయి, నాన్నగారికి చూసిందేదీ ఒంటబట్టదు. పొద్దున పదకొండింటికి చేరి, తోటలో బెంచీల మీద కూర్చుంటూ లేస్తూ మూడున్నరకి బయల్దేరితే చాలు.

ఆఖరుగా, ఇంకా టైముంది కాబట్టి నాన్నగారిని బయల్దేరేలోపు ‘సెయింట్ జోన్’ మరోసారి చదవమనండి. షా రాసిన ఇంకో నాటకం ‘ఆర్మ్స్ అండ్ ది మ్యాన్’ ఆయనకి ఎలాగూ కంఠతా వచ్చి ఉంటుంది. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, టాక్సీ వాళ్ళతో ఏం మాట్లాడాలో చెప్తాను.